పాట యెవరిది?

త్యాగరాజస్వామి కీర్తన నొకదానిని ఇద్దరు విద్వాంసులు పాడినచో, రెండవవారు మొదటివారిని అనుకరించిరని మనలో ఎవరును అనరు. సాహిత్యము ఒకటే, రాగము ఒకటే, తాళము ఒకటే. అయినను సంగతులు వేయుటలో, ఒక స్వరముపై నిలుచుటలో, మరియొక స్వరమును జారవిడుచుటలో ఎవరి బాణీ వారిది. రసికుడు కచేరీకి పోవునది క్రొత్త కీర్తన కొరకు కాదు; తెలిసిన కీర్తన ఈ పూట ఈ గొంతులో ఏ రూపు దాల్చునో వినుటకు. సినిమా పాట విషయమున మన తీర్పు వేరు. అక్కడ మొదట పాడినవారిదే పాట. మరియొకరు ఎంత చక్కగా పాడినను "అచ్చముగా ఆవిడ పాడినట్లే ఉన్నది" అనుటకు మించిన మెప్పు మన నోట రాదు.

అమెరికా దేశమున 1955 మొదలు పదిపన్నెండేండ్ల కాలములో వెలువడిన కొన్ని లాంగ్‌ప్లే రికార్డులను వినగోరువారికి ఈ రెండు తీర్పులలో మొదటిది పనికివచ్చును. జాజ్ గాయకులును, వారి వెనుక సోల్ గాయకులును, అంతకు ఇరువది ముప్పది యేండ్ల క్రిందటి నాటకముల పాటలను, సినిమా పాటలను తీసికొని తమ గొంతులో మరల పోతపోసిన రికార్డులవి. నా మట్టుకు నేను చాలకాలము వాటిని లెక్కచేయలేదు. పెద్ద హోటళ్ళలో భోజనముల వేళ సన్నగా వినిపించు సంగీతమని, విశ్వవిద్యాలయములో చదువుకొను రోజులలోనే ఒక ముద్ర వేసి ఊరకుంటిని. రేడియో ఉద్యోగములో చేరిన పిదప, ఒక రాత్రి డ్యూటీలో, పాత రికార్డులలో ఏవి గీతలు పడినవో, ఏవి ఇంకను వాడుకకు వచ్చునో చూచి పట్టిక వ్రాయు పని పడినది. ఒక్కొక్క రికార్డునకు రెండు నిమిషములు చాలుననుకొంటిని. అంతలో ఎల్లా ఫిట్జెరాల్డ్ పాడిన కోల్ పోర్టర్ పాటల సంపుటము చేతికి వచ్చినది. రెండు రికార్డులు, నాలుగు ప్రక్కలు, పూర్తిగా వింటిని. పట్టిక మరునాటికి మిగిలినది.

ఈ పాటలు పుట్టిన విధము మన నాటకరంగము నెరిగినవారికి క్రొత్తగా తోచదు. ఇరువదవ శతాబ్ది తొలి సగమున న్యూయార్కులోని బ్రాడ్‌వే నాటకశాలలలో ఏటేట సంగీత నాటకములు పదులకొలది ప్రదర్శింపబడుచుండెను. పాటలను అచ్చువేసి అమ్ము వ్యాపారులు తొలుత 28వ వీధిలో చేరిరి. ప్రతి గదిలోను ఎవరో ఒకరు పియానో వాయించుచుండుటచే ఆ తావునకు "టిన్ పాన్ ఆలీ", అనగా రేకు గిన్నెల సందు, అను పేరు వచ్చినది. ఆ నాటకములలో కథ పలుచన. పాట కొరకే కథ. నాటకము మూతపడును, పాట మిగులును. పాండవోద్యోగ విజయములను ఆద్యంతము చూడనివారు కూడ అందలి పద్యములను పాడుకొనలేదా, అట్లే.

పాటలు కట్టినవారిలో పెక్కురు ఐరోపానుండి వలసవచ్చిన యూదు కుటుంబముల బిడ్డలు. ఇర్వింగ్ బెర్లిన్ 1888లో రష్యా సామ్రాజ్యమున పుట్టి, ఐదేండ్ల ప్రాయమున న్యూయార్కు చేరెను. స్వరములను వ్రాయుటగాని చదువుటగాని ఆయనకు రాదు. పియానోపై ముఖ్యముగా నల్లమెట్ల మీదనే వాయించెడివాడు. శ్రుతి మార్చవలసి వచ్చినపుడు త్రిప్పుటకు ఒక మీట గల ప్రత్యేకపు పియానో నుంచుకొనెను. అట్టివాడు నూటొక్క ఏండ్లు బ్రతికి, దేశమంతయు పాడుకొను పాటలను వందలకొలది కట్టెను! జార్జి గెర్ష్విన్ 38 ఏండ్లకే 1937లో గతించెను. హెరాల్డ్ ఆర్లెన్ తండ్రి యూదుల ప్రార్థనాలయములో గానము చేయువాడు. కోల్ పోర్టర్ మాత్రము ఇండియానా రాష్ట్రమునకు చెందిన సంపన్నుల బిడ్డ.

పాటల కట్టడము చాలవరకు ఒకే మూసలోనిది. మొత్తము ముప్పదిరెండు తాళపు కొలతలు. ఎనిమిది కొలతల వరుస ఒకటి, మరల అదే, పిమ్మట వేరొక వరుస, చివరకు మొదటి వరుసకు రాక. అనుపల్లవి పాడి పల్లవి నెత్తుకొనుట నెరిగిన మనకు ఆ తిరిగి వచ్చుటలోని సుఖమును వేరుగా చెప్పనక్కరలేదు. దీనికంతకు ముందు, సగము మాటగా సగము పాటగా, ఒక ప్రస్తావన యుండెడిది. సంభాషణనుండి పాటలోనికి దింపు మెట్టది. నాటకము పోగానే ఆ మెట్టుతో పనిలేదని గాయకులు దానిని వదలివేసిరి.

ఇక రికార్డు సంగతి. నిమిషమునకు 78 చుట్లు తిరుగు పాత రికార్డులో ఒక ప్రక్కకు పట్టునది మూడు నిమిషముల చిల్లర. మన విద్వాంసులు రాగమును, కీర్తనను ఆ మూడు నిమిషములలో ఇమిడ్చిన వైనము మన పెద్దలు ఎరుగుదురు. నాలుగైదు రికార్డులను సంచులుగల అట్టపుస్తకములో పెట్టి అమ్మినపుడు దానిని, ఫోటోల పుస్తకమును పిలిచినట్లే, "ఆల్బము" అనిరి. 1948 జూన్ మాసమున కొలంబియా కంపెనీ నిమిషమునకు 33⅓ చుట్లు తిరుగు లాంగ్‌ప్లే రికార్డును వెలువరించినది. ప్రక్కకు ఇరువది నిమిషములకు పైగా పట్టును. అట్టపుస్తకము పోయినది, పేరు నిలిచినది. అంతవరకు మూడు నిమిషములలో మెప్పింపవలసిన గాయకునికి ఇప్పుడు నలువది నిమిషములు చేతికి వచ్చినవి. అంగడిలో నేడు పుట్టి రేపు చచ్చు పాటలతో అంత కాలమును నింపుట కష్టము. పైగా అట్టి రికార్డును కొనువాడు కొంత వయసు వచ్చినవాడు, ఇంట కూర్చుండి వినువాడు. వానికి తెలిసిన పాట కావలెను. తెలియని రీతిలో కావలెను.

ఎల్లా ఫిట్జెరాల్డ్ 1917లో వర్జీనియా రాష్ట్రమున పుట్టెను. 1934 నవంబరులో, పదునేడవ యేట, హార్లెంలోని అపోలో నాటకశాలలో ఔత్సాహికుల పోటీకి నాట్యము చేయవచ్చి, వేదిక నెక్కిన పిమ్మట మనసు మార్చుకొని పాట పాడి గెలిచెను. తరువాతి ఇరువదేండ్లలో ఆమె పేరు తెచ్చుకొన్నది ముఖ్యముగా "స్కాట్" అను బాణీకి. తిల్లానాలోవలె అర్థము లేని అక్షరములతో, గొంతునే వాద్యముగా చేసికొని, అప్పటికప్పుడు స్వరకల్పన చేయుట అది. ఆమె వ్యవహారములు చూచు నార్మన్ గ్రాంజ్ 1956లో వెర్వ్ అను రికార్డుల సంస్థను నెలకొల్పి, ఒక్కొక్క వాగ్గేయకారునికి ఒక్కొక్క సంపుటము చొప్పున ఆమెచే పాడింప నారంభించెను. 1956లో పోర్టర్ పాటలు ముప్పదిరెండు. 1959లో గెర్ష్విన్ సోదరుల పాటలు ఏబదిమూడు, ఐదు రికార్డులలో. 1964 నాటికి ఇట్టివి ఎనిమిది సంపుటములైనవి.

ఈ సంపుటములలో ఆమె చేసిన గొప్ప పని ఏమనగా, తన కెంతో చాతనైన స్కాట్‌ను దాదాపు ప్రక్కకు పెట్టుట. పాటను పాటగా, మాటలు తునిగిపోకుండ పాడెను. ఇతరులు వదలివేసిన ప్రస్తావనలను పెక్కింటిని మరల చేర్చెను. అవి విన్న తరువాతగాని ఆ పాటలోని పాత్ర ఎవరికి చెప్పుచున్నదో, ఎందుకు చెప్పుచున్నదో తెలియదు. పాటలకు సాహిత్యము కూర్చిన ఐరా గెర్ష్విన్, తమ పాటలు ఇంత మంచివని ఎల్లా పాడగా విన్నదాక తెలియలేదని అన్నట్లు ప్రసిద్ధి. ఒక లోపము కూడ చెప్పవలెను. ఆమె గొంతులో దుఃఖము తామరాకుపై నీటిబొట్టు, మెరయునేగాని అంటదు. విరహపు పాటను కూడ ఆమె ఎండ కాసినట్లు పాడును. ఇది లోపమే కాదనువారున్నారు. నాకు మాత్రము డ్యూక్ ఎల్లింగ్టన్ స్వయముగా తన వాద్యబృందముతో పాల్గొన్న 1957 నాటి సంపుటమే ఎక్కువ ఇష్టము. అందు మర్యాద కొంత సడలినది, ప్రాణము పెరిగినది.

పోర్టర్ సంపుటమును పాడుటకు నాలుగు నెలల ముందు, 1955 అక్టోబరు 7వ తేదీన, టెక్సాస్‌లోని హూస్టన్ నగరమున ఆమె కచేరీ జరిగినది. తెల్లవారిని నల్లవారిని వేరు వేరుగా కూర్చుండబెట్టరాదని గ్రాంజ్ ముందే షరతు పెట్టెను. రెండు ప్రదర్శనల నడుమ పోలీసులు వేషగదిలోనికి చొరబడిరి. లోపల కొందరు పాచికలాడుచుండిరన్నది నెపము. పాచికలు ముట్టని ఎల్లాను కూడ, గ్రాంజ్‌ను, వాద్యగాండ్రను స్టేషనునకు తీసికొనిపోయి, పది పది డాలర్ల పూచీపై విడిచిపెట్టిరి. అక్కడనే ఒక పోలీసువాడు ఆమె సంతకము కోరెనట. తిరిగి వచ్చి రెండవ ప్రదర్శన ముగించిరి. నాగరికమైన, హాయియైన సంగీతమని మనము మెచ్చుకొను పోర్టర్ పాటలను ఈ అవమానము తడి యారకముందే ఆమె పాడెనన్న సంగతి తెలిసిన పిమ్మట, ఆ తేటదనమును నేను వెనుకటివలె తేలికగా తీసికొనలేకున్నాను.

ఫ్రాంక్ సినాట్రా మార్గము వేరు. ఆయన 1955లో వెలువరించిన "ఇన్ ది వీ స్మాల్ అవర్స్" అను రికార్డులోని పదునారు పాటలును ఒకే రసమునకు చెందినవి: అర్ధరాత్రి దాటిన పిమ్మట నిదురరాని మనిషి ఒంటరితనము. నెల్సన్ రిడిల్ సమకూర్చిన వాద్యములు గొంతు వెనుకనే యుండును, ముందునకు రావు. మైక్రోఫోను ముందు బ్రతుకువాడను గనుక నాకు ఈ రికార్డుపై ప్రత్యేకమైన గౌరవము. మా వృత్తిలో మొట్టమొదట నేర్పునది "ప"కారము, "ఫ"కారము పలుకునపుడు ముఖమును రవంత ప్రక్కకు త్రిప్పవలెనని; లేనిచో శ్రోతల చెవిలో గాలి ప్రేలును. సినాట్రా మైక్రోఫోనును వాద్యమువలె అభ్యసించెను. ఎప్పుడు దగ్గరకు జరుగవలెనో, ఎప్పుడు తొలగవలెనో, ఊపిరి ఎక్కడ వినబడకుండ తీయవలెనో సాధన చేసెను. యౌవనమున టామీ డార్సీ బృందములో పాడుచు, డార్సీ ట్రాంబోనుపై దీర్ఘమైన వాక్యమును ఊపిరి తెగకుండ వాయించుటను చూచి నేర్చుకొనెను. అందుచేత ఆయన పాటలో విరుపు వాక్యము ముగిసినచోట వచ్చును, ఊపిరి అయిపోయినచోట రాదు. పద్యము చదువుటకు ఊపిరి పట్టు మన నటులకు ఈ శ్రమ తెలియును. కాని వారు వెనుక వరుసవానికి వినిపించుటకు పాటుపడిరి, ఈయన ఒక్కనికి వినిపించుటకు.

ఒకే పాటను పలువురి గొంతులలో వినదలచినవారికి నేను సూచించునది ఆర్లెన్ వరుస కట్టగా జానీ మెర్సర్ వ్రాసిన "కమ్ రెయిన్ ఆర్ కమ్ షైన్". 1946లో "సెయింట్ లూయీ ఉమన్" అను నాటకము కొరకు పుట్టినది. నాటకము 113 ప్రదర్శనలతో ముగిసినది. ఈ పాట ఎత్తుగడలోనే ఒక విశేషమున్నది: ఒకే స్వరము మరల మరల వచ్చును. వరుసలో ఎత్తుపల్లములు లేనపుడు గాయకునికి మిగులునది కాలము, గొంతు, ఈ రెండే. బిల్లీ హాలిడే 1955లో చిన్న బృందముతో పాడినపుడు ప్రతి మాటను తాళమునకు రవంత వెనుకగా విడిచి, వినువానిని ముందునకు వంగునట్లు చేసెను. రే చార్లెస్ 1959లో దానిని నిదానింపజేసి, చర్చిలో ప్రార్థించువాని యార్తితో పాడెను. ఎల్లా 1961లో ఆర్లెన్ సంపుటములో దానిని అద్దమువలె తుడిచి పెట్టెను. వీరిలో ఎవరిని ఎవరు అనుకరించిరి?

హాలిడే పేరు వచ్చినది గనుక ఆమె "లేడీ ఇన్ శాటిన్"ను గూర్చి చెప్పక తప్పదు. 1947లో మాదకద్రవ్యముల నేరముపై శిక్షపడిన పిమ్మట, మద్యము అమ్ము క్లబ్బులలో పాడుటకు న్యూయార్కు పోలీసులిచ్చు అనుమతి కార్డు ఆమెకు పోయినది. బ్రతికినంతకాలము మరల రాలేదు. కార్నెగీ హాలులో పాడవచ్చును. తన వీధిలోని క్లబ్బులో పాడరాదు. 1958 ఫిబ్రవరిలో, 42 ఏండ్ల వయసున, వయొలిన్ల పెద్ద బృందము వెనుక నుండగా ఈ రికార్డును పాడెను. అప్పటికి గొంతు చిరిగిన పట్టువస్త్రము. వాద్యములు సమకూర్చిన రే ఎల్లిస్ తొలుత నిరాశపడి, పిమ్మట మరల విని మనసు మార్చుకొనెను. మరుసటి సంవత్సరము జూలై 17న ఆమె మరణించెను. ఇది ఆమె రికార్డులలో మిన్న యనువారు చాలమంది. నేను వారితో పూర్తిగా ఏకీభవింపలేను. గాయని బాధను చూచి కలుగు జాలిని రసానుభవమని మనము పొరపడు ప్రమాదమందున్నది. 1930లలో టెడ్డీ విల్సన్ పియానో వాయింపగా, లెస్టర్ యంగ్ శాక్సఫోను ఊదగా ఆమె నవ్వుచు పాడిన మూడు నిమిషముల పాటలు ముందుగా వినవలెను. ఆ పిమ్మట ఇది విన్నచో, పోయినదేమో, పోక నిలిచినదేమో తెలియును. నిలిచినది ఆ కాలజ్ఞానము. మాటను ఎక్కడ విడువవలెనో చివరిదాక ఆమెకు తెలియును.

శాక్సఫోను విద్వాంసుడు జాన్ కోల్ట్రేన్, గాయకుడు జానీ హార్ట్‌మన్ కలిసి 1963 మార్చి 7వ తేదీన న్యూజెర్సీలో చేసిన రికార్డులో పాటలు ఆరే. స్టూడియోకు పోవు దారిలో కారు రేడియోలో "లష్ లైఫ్" అను పాటను నాట్ కింగ్ కోల్ పాడగా విని, దానిని కూడ చేర్చుకొనిరని చెప్పుదురు. రేడియోవాడు చెప్పుకొని మురియదగిన కథ! గాయకుడు ముగించువరకు శాక్సఫోను కాచుకొనియుండి, పిమ్మట అదే సాహిత్యమును మాటలు లేకుండ పాడును. మన కచేరీలో వయొలిన్ విద్వాంసుడు చేయు పనియే. కోల్ట్రేనునకు మన సంగీతముపై గల మక్కువ ఎంతటిదనగా, 1965లో పుట్టిన కుమారునికి రవిశంకర్ పేరుమీద రవి యని పేరు పెట్టుకొనెను.

సోల్ అనునది నల్లవారి చర్చి గానమునుండి ఇహలోకపు పాటలోనికి దిగివచ్చిన బాణీ. వీరు పాత పాటలను జాజ్ గాయకులవలె సున్నితముగా తాకలేదు. 1932లో పుట్టిన "ట్రై ఎ లిటిల్ టెండర్‌నెస్" సుకుమారమైన పాట. ఓటిస్ రెడ్డింగ్ 1966లో మెంఫిస్ నగరములో దానిని విలంబకాలమున బుజ్జగించునట్లు ఎత్తుకొని, కొంచెము కొంచెముగా వేడిపెంచి, చివరకు పూనకము వచ్చినవానివలె ముగించెను. సాహిత్యము ఓపికను బోధించుచుండగా పాట ఓపిక తెంచుకొనుచుండును. ఆ వైరుధ్యములోనే దాని సొగసు. మరుసటి ఏడాది డిసెంబరులో విమాన ప్రమాదమున ఆయన 26వ యేట మరణించెను.

ఇంతకును పాట ఎవరిది? అమెరికా చట్టము దీనికి సూటిగా సమాధానము చెప్పినది. సాధారణ రేడియోలో రికార్డు వేసినపుడు పాట కట్టినవారికి, దానిని ప్రచురించినవారికి రుసుము ముట్టును. పాడినవారికి ఏమియు ముట్టదు. ఈ నియమము ఈనాటికిని అట్లే యున్నది. హాలిడే, రెడ్డింగ్‌ల గొంతులు ఎన్ని వేలసార్లు అక్కడి గాలిలో తేలినను, ఆ ప్రసారమునకు వారి లెక్కలో చేరినది సున్న. రికార్డు ప్రసారము చేయుటయే వృత్తియైన నాకు ఈ సంగతి మ్రింగుడు పడలేదు. రే చార్లెస్ ఈ లోకరీతిని ముందే గ్రహించెను. ఏబీసీ పారమౌంటు కంపెనీతో ఒప్పందము కుదుర్చుకొన్నపుడు, తన రికార్డుల మూలప్రతులు కొంతకాలమునకు తనకే చెందవలెనని పట్టుపట్టి సాధించెను. ఆనాడు ఏ జాతి గాయకునికైనను అది అరుదైన విషయము.

చార్లెస్ 1930 సెప్టెంబరులో జార్జియా రాష్ట్రములోని ఆల్బనీలో పుట్టెను. ఏడేండ్లకే చూపు పోయినది. అదే సంవత్సరము, అదే మాసమున, హోగీ కార్మైకేల్ "జార్జియా ఆన్ మై మైండ్" అను తన పాటను మొదటిసారి రికార్డు చేసెను. దాని మాటలు వ్రాసిన స్టూవర్ట్ గొరెల్ ఆయన స్నేహితుడు. పిమ్మట బ్యాంకు ఉద్యోగములో స్థిరపడెను. ముప్పదేండ్ల తరువాత చార్లెస్ ఊరిపేర్ల పాటలనే ఏరి "ది జీనియస్ హిట్స్ ది రోడ్" అను ఆల్బము చేయుచు ఈ పాటను పాడెను. ప్రయాణములలో ఆయన దీనిని కూనిరాగము తీయుచుండగా విని, కారు నడుపు మనిషి పాడుమని ప్రోత్సహించెనట. 1960 నవంబరులో ఆ పాట దేశమున ప్రథమ స్థానము నందెను.

నాలుగు నెలలు గడిచినవి. 1961 మార్చిలో జార్జియాలోని అగస్టా నగరమున చార్లెస్ కచేరీ ఏర్పాటైనది. నాట్యము చేయు నేల తెల్లవారికి, పైనున్న బాల్కనీ నల్లవారికి. ఈ సంగతి విద్యార్థులు తెలియజేయగా చార్లెస్ పాడుటకు నిరాకరించి ఊరు విడిచెను. నిర్వాహకుడు దావా వేసెను. చార్లెస్ 757 డాలర్లు చెల్లింపవలసి వచ్చినది. రాష్ట్రము ఆయనను బహిష్కరించినదని 2004లో వచ్చిన చలనచిత్రములో చూపిరి. అది నిజము కాదు; కోర్టు తీర్పు మాత్రమే నిజము. జార్జియా పేరు తలచుకొని కుములు ఆ పాటను, జార్జియాలో జరిమానా కట్టినవాడు, కచేరి కచేరికి పాడుచునే యుండెను.

1979 మార్చి 7వ తేదీన అట్లాంటాలోని రాష్ట్ర శాసనసభలో ఒక పియానో నుంచిరి. రే చార్లెస్ వచ్చి సభ్యుల యెదుట ఆ పాటను పాడెను. మరుసటి నెలలో అది జార్జియా రాష్ట్రగీతమైనది.